జుబైల్ వెల్డర్ల ఛాతీలో ఇనుప మచ్చలు

మీ తరం రేడియాలజిస్టులతో ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. స్కాన్ చేయడం రానివాణ్ణి ఈ రోజుల్లో నేనెక్కడా చూళ్లేదు. ఆ స్కాన్ వల్ల రోగికి ఏం ఒరిగిందయ్యా అని అడిగితే మాత్రం సగం మంది నీళ్లు నములుతారు. నేనూ నమిలినవాణ్ణే. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి డబ్బు ఎవరిస్తారు, జవాబు దొరికాక దాన్ని ఎవరు వింటారు అన్నది మెడికల్ కాలేజీలో నాకు ఒక్కరూ చెప్పలేదు. సౌదీలో, జుబైల్లో, ఒక పెట్రోకెమికల్ ప్లాంటు ఆఫీసులో కాఫీ తాగుతుంటే తెలిసొచ్చింది. మా ఆవిడ ఈ సంగతి విని విని విసిగిపోయింది కాబట్టి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గల్ఫ్ యుద్ధం మొదలవగానే ఇంట్లోవాళ్లని గుంటూరు పంపేసి నేను జుబైల్ ఆసుపత్రిలోనే ఉండిపోయాను. ధైర్యం అనుకునేరు. ఎక్స్‌రే విభాగంలో మిగిలిన డాక్టర్ని నేనొక్కణ్ణే, ఆసుపత్రి డైరెక్టరు సెలవిస్తే కదా. కిటికీలకి టేపులు అంటించుకుని, సైరన్ మోగితే గ్యాస్ మాస్కు తగిలించుకుని, ఆ మాస్కులోంచే టెక్నీషియన్ మీద కేకలేస్తూ పనిచేశాను. నేనేం అరిచానో అతనికీ తెలీదు, అతనేం తిట్టుకున్నాడో నాకూ తెలీదు.

అసలు పని యుద్ధం అయిపోయాక మొదలైంది. కువైట్‌లో చమురు బావులు తగలబడుతుంటే ఆ పొగ గాలివాటాన్ని బట్టి మా మీదికి వచ్చేది. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి నల్ల చుక్కల చొక్కా అయ్యేది. ఊరంతా దగ్గు. దగ్గిన ప్రతివాడికీ ఛాతీ ఎక్స్‌రే తీయమన్నారు. తర్వాత దగ్గనివాళ్లకి కూడా తీసిపారేయమన్నారు. కాంట్రాక్టు కంపెనీలు మనుషుల్ని బస్సుల్లో తెచ్చి దింపేవి, నేను పొద్దస్తమానం లైటు పెట్టె ముందు కూర్చుని ఫిల్ములు చూసేవాణ్ణి.

వాటిల్లో నాకొక వింత కనబడింది. కొందరి ఫిల్ముల్లో రెండు ఊపిరితిత్తుల నిండా బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు. ఒక రకం టీబీ అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ ఆ టీబీ వచ్చినవాడు జ్వరంతో మంచం పట్టి ఉండాలి. వీళ్లేమో నిక్షేపంలా నడిచొచ్చి, లైను కదలట్లేదని టెక్నీషియన్‌తో తగాదా పెట్టుకుంటున్నారు. ఏం పని చేస్తావు అని పిలిచి అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు, వెల్డింగు. అప్పుడు నాకు చదువుకునే రోజుల్లో ఒక పుస్తకంలో ఓ మూల చూసిన నాలుగు వాక్యాలు గుర్తొచ్చాయి. ఏళ్ల తరబడి వెల్డింగు పొగ పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో సన్నటి ఇనుప ధూళి పేరుకుంటుంది. ఫిల్ము మీద చూస్తే గుండె ఝల్లుమంటుంది గానీ, మామూలుగా మనిషికి పెద్దగా హాని చేయదు, పక్కవాడికి అంటదు.

నాకు గుర్తొస్తే సరిపోతుందా? చుక్కలున్నాయని నేను రాయగానే మా ఛాతీ డాక్టరు అన్‌ఫిట్ అని రాసేవాడు. అన్‌ఫిట్ అయితే ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దు. తర్వాత దేశం వదిలి వెళ్లిపోవాలని పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర, విమానం. ఇక గల్ఫ్‌లో ఏ దేశమూ రానివ్వదు.

అలా అన్‌ఫిట్ అయినవాళ్లలో ఒకాయన నా గది వెతుక్కుంటూ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి, చేతుల నిండా నిప్పురవ్వలు పడి కాలిన మచ్చలు. కూర్చోమంటే కూర్చోలేదు.

“సారూ, మీరు తెలుగోళ్లంట గదా. నాకు దగ్గు లేదు, జరం లేదు. మంచిగ తింటున్న, పనికి పోతున్న. గా బొమ్మల ఏం జూశిండ్రని నన్ను రోగిష్టోన్ని జేశిండ్రు?”

కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫిల్ము చూపించాను. ఆయన దానివైపు చూడనే లేదు. కూలీలు ఉండే లేబర్ క్యాంపులో తోటివాళ్లు ఆయన మంచాన్ని తలుపు దగ్గరికి జరిపేశారట. కంచం వేరే పెట్టారట. ఎవరో ఊళ్లోవాళ్లకి ఫోన్లో చెప్పేశారు, భార్య ఏడుస్తోందట. “పంపితె పంపుండ్రి సారూ, టీబీ అని పేరు వెట్టి పంపుతున్నరు. రేపు ఊర్లె నేనెట్ల తిరగాలె?” అన్నాడు. ఒక్క వారం ఆగు, నేను మాట్లాడతాను అన్నాను. ఎవరితో మాట్లాడతానో నాకే తెలీదు.

ముందు ఛాతీ డాక్టరుతోనే మొదలెట్టాను. ఆయనది ఈజిప్టు. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, మొండితనం ఆ రెండింటికంటే పెద్దది. కఫం పరీక్షలో ఏమీ లేదుగా అంటే, ఈ రకం టీబీ కఫంలో చాలాసార్లు దొరకదు అన్నాడు, అది నిజమే. ఒక్క టీబీవాణ్ణి పొరపాటున వదిలేస్తే క్యాంపులో పక్క మంచాలవాళ్లందరికీ అంటిస్తాడు, అప్పుడు నన్ను అడుగుతారు గానీ నిన్ను అడగరు అన్నాడు, అదీ నిజమే. ఆయన్ని తిట్టుకోవడానికి నాకు ఒక్క కారణం దొరక్క ఒళ్లు మండిపోయింది.

దారి ఒకటుంది. మా దగ్గర సీటీ స్కానరు ఉంది. సన్నటి ముక్కలుగా స్కాన్ తీస్తే ఆ చుక్కలు ఎక్కడ కూర్చున్నాయో తెలుస్తుంది. టీబీ చుక్కలైతే ఎక్కడపడితే అక్కడ చెదిరి ఉంటాయి, పొగ తాలూకువైతే సన్నటి గాలిగొట్టాల చుట్టూ మసకగా చేరతాయి. కానీ కాంట్రాక్టు కూలీకి సీటీ తీస్తే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? అతన్ని ఆ దేశానికి రప్పించుకున్న స్పాన్సరు పెట్టుకోనన్నాడు. పరిశోధన కింద చేస్తానని ఆసుపత్రి పరిశోధనల కమిటీకి అర్జీ పెట్టుకున్నాను.

కమిటీవాళ్లు నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, ఆ ఏడాది వచ్చే ఎమ్మారై యంత్రం గురించే మాట్లాడారు. అది ఏమేం చూడగలదో పరిశోధిస్తావా, డబ్బులిస్తాం అన్నారు. ఉన్న యంత్రం చూసినదానివల్ల ఎవరికి ఏం మేలు జరుగుతుందో పరిశోధిస్తానంటే మొహమొహాలు చూసుకున్నారు. యంత్రం కొనడానికి డబ్బుంటుంది, కొన్నది పనికొస్తోందా లేదా అని చూడటానికి ఉండదు. మీ రోజుల్లో ఇది మారిపోయి ఉంటే చాలా సంతోషం. ఎంతో బతిమాలితే, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు నలుగురైదుగురికి తీసి చూసుకో, ఆ తర్వాత డాక్టర్ల మీటింగులో చెప్పు, బావుంటే చూద్దాం అన్నాడు డైరెక్టరు. ఆయన సౌదీ, పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు.

నా పద్ధతి చాలా తేలిక. సీటీ తీయకముందు ఛాతీ డాక్టరు ఒక కాగితం మీద రాయాలి, ఈ మనిషిని ఏం చేస్తావు, పంపేస్తావా, మందులిస్తావా, పనికి పొమ్మంటావా. సీటీ చూశాక మళ్లీ రాయాలి. మనసు మారితే నా స్కాన్ వల్ల పని జరిగినట్టు. మారకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా దండగే. అంతే కదా అనుకున్నాను. ఈజిప్టాయనకి మాత్రం కోపం వచ్చింది. “నాకు పరీక్ష పెడుతున్నావా?” అని కాగితం నా బల్ల మీద విసిరేశాడు.

“పరీక్ష మీకు కాదు డాక్టర్, నా మెషీనుకి. అది తప్పితే నలుగురిలో పరువు పోయేది నాకే.”

కాసేపు గొణిగి కాగితం తీసుకున్నాడు. మొదట స్కాన్ తీసింది జగిత్యాల ఆయనకే. ముందు కాగితంలో పంపేయాలి అని ఉంది. స్కాన్ చూశాక రెండో కాగితం మీద పనిచేయవచ్చు అని రాశాడు. తర్వాతివాళ్లలో ఒకరి విషయంలో తప్ప మిగతా అందరికీ అదే జరిగింది. నాకు గాల్లో తేలినట్టుంది. కానీ అది నా పరిశోధన కోసం రాసిన కాగితం, ఒకసారి పడిన అన్‌ఫిట్‌ని మార్చడానికి ఆసుపత్రిలో దానికి విలువ లేదు. ఎగ్జిట్లు ఆగాలంటే డైరెక్టరు ఒప్పుకోవాలి, డైరెక్టరు ఒప్పుకోవాలంటే నేను మీటింగులో గెలవాలి.

ఆ మీటింగు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. గుంటూరులో మా ప్రొఫెసర్లు నేర్పినట్టే తయారయ్యాను. ముందు సమస్య, తర్వాత పద్ధతి, చివర్లో ఫలితం. సమస్యని దంచికొట్టాను. ఎక్స్‌రే ఒక్కటే నమ్ముకుంటే ఎన్ని రకాలుగా మోసపోతామో, ఒకే రకం చుక్కలు ఎన్ని జబ్బుల్లో కనబడతాయో, స్లయిడు మీద స్లయిడు వేసి చూపించాను. డైరెక్టరు ఆలస్యంగా రావడంతో మీటింగు ఆలస్యంగా మొదలైంది. నమాజు వేళల కాగితం నా వెనక గోడకే అంటించి ఉంది. ఏళ్ల తరబడి ఆ దేశంలో ఉంటూ, నమాజు వేళకి కొట్లు మూసేస్తారని కిరాణాకి వెళ్లాలన్నా అది చూసుకునే నేను, ఆ రోజు చూసుకోలేదు. ఇక నేను చేసిందేమిటంటే అని నోరు తెరిచేసరికి మధ్యాహ్నం నమాజుకి పిలిచే జుహర్ అజాన్ వినబడింది. అందరూ లేచారు. నమాజు తర్వాత భోజనాలు. భోజనాల తర్వాత ఎవరి వార్డుకి వాళ్లు. ప్రొజెక్టరూ నేనూ మిగిలాం.

సాయంత్రానికల్లా ఆసుపత్రంతా పాకిపోయింది, ఎక్స్‌రేలు ఎందుకూ పనికిరావని ఎక్స్‌రే డాక్టరే ఒప్పుకున్నాడట అని. మర్నాడు బస్సులో వచ్చిన కూలీలు కొందరు ఫిల్ము తీయించుకోం అని భీష్మించుకు కూర్చున్నారు. డైరెక్టరు పిలిపించి, గొంతు పెంచకుండానే, మీ పని దండగ అని మీరే అంటున్నారు, మళ్లీ దానికి డబ్బులు అడుగుతున్నారు, నాకర్థం కావట్లేదు అన్నాడు. మిగతా సగం చెప్పబోతే గడియారం చూసుకున్నాడు. పరిశోధనకి డబ్బు లేదు, స్కానులు ఆపేయమన్నాడు. జగిత్యాల ఆయన పాస్‌పోర్టు ఎగ్జిట్ కొట్టించడానికి వెళ్లే కట్టలోకి చేరింది. నేను గదిలోకి వచ్చి తలుపేసుకుని నన్ను నేను బూతులు తిట్టుకున్నాను.

తలుపు తోసుకుని ఈజిప్టాయన వచ్చాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను. ఎదురుగా కూర్చుని చడామడా తిట్టాడు. నువ్వు అడగాల్సినవాళ్లని అడగలేదు, హబీబీ. డాక్టర్లకి నువ్వు ఎంత చెప్పినా బాగుంది అని తల ఊపి భోజనానికి పోతారు. ఆ వెల్డరు వెళ్లిపోతే వాళ్లకి ఏం నష్టం? ఎవరికి నష్టమో వాడి దగ్గరికి వెళ్లి చెప్పు. ఇదీ సారాంశం. ఎవరికి నష్టం అని అడిగాను. ఆయన లేచి కిటికీలోంచి ప్లాంటు చిమ్నీలవైపు చూపించాడు.

నిజమే. ఆ వెల్డర్లు పనిచేసే పెట్రోకెమికల్ ప్లాంటులో పెద్ద షట్‌డౌన్ రాబోతోంది. అంటే ప్లాంటుని పూర్తిగా ఆపి, పైపులన్నీ విప్పి, బాగుచేసి మళ్లీ నడిపించడం. యుద్ధం భయంతో మంచి వెల్డర్లు చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లని మేం ఫిల్ములు చూసి పంపించేస్తున్నాం. షట్‌డౌన్ మేనేజరు ఒక సౌదీ ఇంజనీరు, తక్కువ మాట్లాడేవాడని, ఎక్కువ మాట్లాడేవాళ్లని సహించడని పేరు. ఈజిప్టాయన ఎవరెవరినో పట్టుకుని ఆయన దగ్గర మాకు సమయం అడిగాడు. నేను ఈసారి నమాజు వేళలు ముందు చూసుకుని, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తామన్నాను.

ఆయన ఆఫీసులో ఖర్జూరాలు, ఏలకుల కాఫీ. అక్కడి మర్యాద ప్రకారం ముందు ఇల్లూ పిల్లలూ, యుద్ధంలో పంపినవాళ్లు తిరిగొచ్చారా, అవన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఆయన కప్పు కింద పెట్టి నావైపు చూశాడు. నేను చివర్లో చెప్పాల్సింది మొదట్లోనే చెప్పేశాను.

“మీ వెల్డర్లు రోగులు కారు. వాళ్ల ఛాతీలో ఉన్నది ఇనుము. ఒక్క ఫిల్ము చూసి వాళ్లని పంపేస్తున్నాం. ఎవరు పోవాలో ఎవరు ఉండాలో తేల్చడానికి నాకు స్కానులు కావాలి, దానికి డబ్బు కావాలి.”

“ఇనుమా? ఎక్కడిది?”

ఇక్కడ నేను కొంచెం మెత్తగా చెప్పి ఉండొచ్చు. మా ఇంటిపేరుకే మెత్తదనం పడదు. మీ ప్లాంటు పొగదే సార్, ఇక్కడికి రాకముందు పనిచేసిన చోట్లది కూడా అన్నాను. ఆయన మొహం బిగుసుకుపోయింది. పక్కన ఈజిప్టాయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, ఈసారి అజాన్ అక్కర్లేకుండానే నా నోరే చెడగొట్టింది అనుకున్నాను.

ఎటు చూడాలో తెలీక పక్కకి చూస్తే, ఆయన బల్ల వెనక గోడకి నా గదిలో ఉండేలాంటి లైటు పెట్టె ఉంది. దాని మీద ఒక ఎక్స్‌రే ఫిల్ము. పైపుల అతుకులకి కూడా ఎక్స్‌రేలు తీస్తారు కదా, అది. అడక్కుండానే లేచి దాని దగ్గరికి వెళ్లాను. ఆ అతుకులో ఒకచోట నల్లటి చుక్క ఉంది, ఏమిటది అని అడిగాను. గాలిబుడగ కావచ్చు, ఫిల్ము మీద గీత కావచ్చు అన్నాడు. మరి పైపు కోసేస్తారా అన్నాను.

“ఒక్క ఫిల్ము చూసి కోసేస్తామా? ఇంకో పరీక్ష చేస్తాం. చుక్క కనబడిన ప్రతి అతుకూ కోసుకుంటూ పోతే ఈ ప్లాంటు ఏనాటికీ నడవదు.”

నేను ఆయన ఫిల్ము తీసి, నా సంచిలోంచి జగిత్యాల ఆయన ఛాతీ ఫిల్ము తీసి దాని స్థానంలో పెట్టాను. “ఈ మనిషిని మాత్రం కోసేశాం సార్” అన్నాను.

ఆయన లేచి వచ్చి దగ్గరగా నిలబడి చూశాడు. తర్వాత ఛాతీ డాక్టరువైపు తిరిగి, ఇతను అన్‌ఫిట్ అని రాసింది ఎవరు అని అడిగాడు. ఈజిప్టాయన లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటం నేను ఎన్నటికీ మర్చిపోను. నేనే రాశాను అన్నాడు. స్కాన్ చూడకముందు పంపేయాలని రాశాను, చూశాక పనిచేయవచ్చని రాశాను, ఇతని విషయంలోనే కాదు, చూపించినవాళ్లలో చాలామంది విషయంలో నా మనసు మారింది, చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు అన్నాడు. అంతకంటే మంచి పరిశోధనా ఫలితాన్ని నా ఉద్యోగ జీవితంలో నేను మరెక్కడా వినలేదు.

మేనేజరు నన్ను ఒకటే అడిగాడు, పంపేయాలన్నవాళ్లలో ఎంతమంది నాకు తిరిగొస్తారు? నాకు తెలీదు సార్, తెలిస్తే డబ్బు అడిగేవాణ్ణి కాదు అన్నాను. అప్పుడు ఆయన నవ్వాడు. డబ్బు అడగడానికి వచ్చి తెలీదు అన్న డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. ఫోను తీసి, పాస్‌పోర్టుల పని చూసే మనిషితో అరబిక్‌లో నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఈజిప్టాయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. ఎగ్జిట్ కట్టలోంచి వెల్డర్ల పాస్‌పోర్టులు వెనక్కి తెమ్మంటున్నాడని ఆ నొక్కుడులోనే అర్థమైంది.

స్కానుల ఖర్చంతా షట్‌డౌన్ బడ్జెట్‌లో ఇన్‌స్పెక్షన్ పద్దు కింద రాశారు, పైపుల పక్కనే మనుషులు. తర్వాతెప్పుడో ఆడిటరు ఊపిరితిత్తులు ఈ పద్దులోకి ఎలా వచ్చాయని అడిగాడట. అతుకులు పెట్టేవి కూడా చూసుకోవాలి కదా అన్నాడట మేనేజరు. పొగ లాగే ఫ్యాన్లూ, మంచి మాస్కులూ మేం అడిగితే మొహం చిట్లించాడు గానీ పెట్టించాడు. మా డైరెక్టరుకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చేసరికి, ఈ పరిశోధన మొదట్నుంచీ మా ఆసుపత్రిదే అన్నాడు. అననిచ్చాను. అలా అనేలా చేయడం కూడా గెలుపే.

పని పూర్తయ్యాక రియాద్‌లో డాక్టర్ల సభకి పిలిచారు. మలాజ్ అనే పేటలో ఒక చిన్న హోటల్లో దిగి, రాత్రి ఈజిప్టాయనా నేనూ ఎవరు మాట్లాడాలా అని పోట్లాడుకుని, ఆయన్నే మాట్లాడమన్నాను. మొదటి స్లయిడే ఫలితం. హాలు చివరివరకూ కదల్లేదు. చుక్కలున్న వెల్డర్ని సీటీ చూడకుండా అన్‌ఫిట్ అనకూడదని మా ఆసుపత్రిలో రూలు పెట్టారు, చుట్టుపక్కల ఆసుపత్రులవాళ్లు వచ్చి పద్ధతి అడిగి వెళ్లారు. నేను కాలర్ ఎగరేసుకు తిరిగిన రోజులవి, దాచుకోను.

అన్నిటికంటే కష్టమైన సభ మాత్రం లేబర్ క్యాంపుది. తెలుగులోనూ హిందీలోనూ చెప్పాను, మీ ఛాతీలో ఉన్నది ఇనుప ధూళి, రోగం కాదు, ఎవరికీ అంటదు, మాస్కు పెట్టుకోండి అని. మందేదీ అని అడిగారు. మందు అక్కర్లేదన్నాను. మందివ్వని డాక్టరు మాట ఎవరు నమ్ముతారు? గుసగుసలు మొదలయ్యాయి. ఈజిప్టాయన విసుగొచ్చి, జగిత్యాల ఆయన పక్కనే చాప మీద చతికిలబడి, ఆయన తాగుతున్న టీ గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు. ఆ తర్వాత నేనేం చెప్పినా నమ్మారు.

జగిత్యాల ఆయన ఆ షట్‌డౌన్ చేశాడు, ఆ తర్వాతవీ చేశాడు. కొత్త వెల్డర్లకి నేర్పే ఫోర్‌మన్ అయ్యాడు. కొన్నేళ్లయ్యాక ఒక పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని నా గదికి వచ్చాడు. చేతిలో పాస్‌పోర్టు. ఎగ్జిట్ పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. మళ్లీ ఎవరు పంపేస్తున్నారయ్యా, ఎవడాడు అని లేచాను.

ఆయన నవ్వుతూ నన్ను కూర్చోమన్నాడు.

“ఎవ్వలు తోలుతలేరు సారూ. వద్దు ఉండుమని మేనేజరు బతిలాడిండు. నేనే అడిగి కొట్టిచ్చుకున్న. మంచిగున్నప్పుడే ఇంటికి పోదామని.”